పూజ మధ్యలో పడుగు

సూరేపాడులో వాన సంగతి తెలియాలంటే ఆకాశాన్ని చూసేవాళ్ళు తక్కువ, రాఘవమ్మ మోకాలిని అడిగేవాళ్ళు ఎక్కువ. ఆవిడ కుడి మోకాలు పొద్దున సలిపిందంటే సాయంత్రానికి చినుకు పడి తీరాలి. కళ్ళంలో ధాన్యం ఉన్న రైతులు, వడియాలు పెట్టుకోబోయే ఇల్లాళ్ళు, ఆఖరికి కరణంగారు కూడా "రాఘవమ్మ కాలు ఎట్లా ఉందిట?" అని మనిషిని పంపేవారు. అంత మర్యాద జరిగే మోకాలు ఉంటే ఎవరికైనా కాస్త తలకెక్కుతుంది. రాఘవమ్మకి కాస్త కాదు, బాగానే ఎక్కింది.

ఆ మోకాలు ఆవిడని జన్మలో ఒక్కసారే మోసం చేసింది. యుద్ధం రోజులవి. నలభై నాలుగో సంవత్సరం, ఫాల్గుణ మాసం, ఆదివారం పొద్దున.

బెజవాడ నుంచి గన్నవరం పోయే దారిలో కాలవ గట్టు దిగితే సూరేపాడు. ఊళ్ళో తిన్నగా, వెడల్పుగా ఉన్న వీధి ఒక్కటే, అది నేతవాళ్ళ వీధి. వీధికి పడమటి కొసన పాలెం. పాలెంలో అందరూ కిరస్తానీవాళ్ళు. తూర్పు కొసన పిల్లకాలవ దాటితే వాళ్ళ గుడి. పాలేనికి ఆనుకుని కట్టుకుందామంటే స్థలం దొరకలేదు, దానమిచ్చిన పుణ్యాత్ముడి నేల చెక్క అక్కడ ఉంది, అంతే. చెప్పొచ్చేదేమంటే, పాలెంవాళ్ళు ప్రతి ఆదివారం పూజకి పోవాలంటే నేతవాళ్ళ వీధి దాటాలి. ఆ వీధిలో పొద్దున్నే పడుగు పరిచి ఉంటుంది.

పడుగంటే మగ్గానికి ఎక్కే నిలువు పోగులు. ఎక్కించే ముందు వాటికి గంజి పట్టించాలి. ఇరవై గజాల పొడుగున వీధిలో బారుగా సాగదీసి, కింద కత్తెరలా కట్టిన కర్రలు నిలబెట్టి, పల్చటి గంజి చిలకరించి, ఇద్దరు మనుషులు చెరో పక్కా నడుస్తూ పెద్ద కుంచెతో దువ్వుకుంటూ పోవాలి. ఈ చివర్నించి ఆ చివరికి, ఆ చివర్నించి ఈ చివరికి, పోగులు ఆరేదాకా. మధ్యలో ఆగారంటే గంజి బిగిసి పోగూ పోగూ అతుక్కుంటాయి. తర్వాత విడదీయబోతే తెగుతాయి తప్ప విడవు. అందులోనూ పడుగు తడీ పొడీ కాకుండా ఉండే ఒక అరగంట ఉంటుంది చూశారూ, ఆ అరగంటలో రాఘవమ్మ ఎవరు పిలిచినా పలకదు, తుమ్మొచ్చినా మింగేస్తుంది.

మామూలుగా కుంచె పట్టడం మగవాళ్ళ పని. ఆరేళ్ళ కిందట మొగుడు చౌడయ్య పోయిన నెలకే రాఘవమ్మ ఆ కుంచె తను అందుకుంది. వీధి గుసగుసలాడింది. ఆవిడ దువ్విన పడుగు ఎంత నున్నగా వస్తుందో చూశాక గుసగుసలు మాని, తమ పడుగులకి కూడా ఒక చెయ్యి వేసి పొమ్మనడం మొదలెట్టింది.

పడుగు పరిచినంతసేపూ వీధిలో ఎవరూ నడవకూడదని నేతవాళ్ళ కట్టుబాటు. కరణంగారు కూడా చెప్పులు చేత్తో పట్టుకుని దొడ్డిదారిన పోయేవారు. కానీ కరణంగారికి అది ఎప్పుడో ఒకనాటి ముచ్చట, పాలెంవాళ్ళకి ప్రతి ఆదివారమూ అదే దారి. ఉతికిన బట్టలు కట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, గేదెలు తొక్కిన బురదలో పిక్కల దాకా దిగి, గుడి ముందు కాళ్ళు కడుక్కుని లోపలికి పోయేవారు. గుడి తాళంచెవి, చీపురు, పెత్తనం మూడూ తన దగ్గరే పెట్టుకున్న శౌరమ్మ ఒకసారి ఓపిక పట్టలేక రాఘవమ్మని ముఖమ్మీదే అడిగింది.

"గోడవారగా ఒక్క మనిషి పట్టేంత దారి ఇయ్యండమ్మా. మేమేం మీ పడుగు మీద నడుస్తామా?"

"గాలి తగిల్తేనే పోగు తెగుద్ది. చుట్టు తిరిగి పోండి," అంది రాఘవమ్మ, కుంచె ఆపకుండానే.

అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఎదురుపడితే శౌరమ్మ తాళంచెవి గలగలలాడించుకుంటూ పోయేది, రాఘవమ్మ ఆకాశంలో ఏదో పిట్టని చూసేది.

ఇక ఆ ఆదివారం. యుద్ధం పుణ్యమా అని నూలుకి కరువొచ్చి రెండున్నర నెలలయింది. వీధి వీధంతా మగ్గాలు ఊరుకున్నాయి. రాఘవమ్మ కొడుకు ఏడుకొండలు కాలవ పూడిక పనికి పోయేవాడు. కోడలు సుబ్బరత్నం వాళ్ళింటా వీళ్ళింటా వడ్లు దంచి నూకలు తెచ్చేది. దంచి దంచి ఆ పిల్ల అరచేతులు బొబ్బలెక్కి, అన్నం కలుపుకోవడానికి కూడా మంట. అట్లాంటి రోజుల్లో బెజవాడ నుంచి గురువారంనాడు వీధికి కాస్త నూలు వచ్చింది, రాఘవమ్మ వాటాకి ఒక్క పడుగుకి సరిపడా. ఇది మగ్గమెక్కితే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఇది పోతే మళ్ళీ నూలు ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు.

శనివారం రాత్రే మబ్బు పట్టింది. "రేపు పరవమాకు రాఘవమ్మక్కా," అన్నాడు మస్తాను. అతను దూదేకుల మనిషి. వీధి మొదట్లోనే ఇల్లు, పరుపులకి దూది ఏకుతాడు, నమాజు వేళ తప్పిస్తే అందరి పనుల్లోనూ ఒక చెయ్యేస్తాడు. రాఘవమ్మ మోకాలు నొక్కి చూసుకుంది. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. "రాదు," అని తేల్చేసింది.

పొద్దున గంజి చిలకరించడం అయింది, కుంచె నాలుగుసార్లు తిరిగింది. మొదటి చినుకు రాఘవమ్మ ముక్కు మీద పడింది. ఆవిడ చెమటనుకుంది. రెండోది చెవి మీద పడింది. ఆవిడ దాన్ని లెక్కచెయ్యలేదు.

"అత్తయ్యా, వాన," అంది సుబ్బరత్నం.

"కాదు. నా కాలు సలపలేదు."

"మీ కాలు సలపకపోయినా పడతంది అత్తయ్యా."

మూడో చినుకు పడుగు మీద పడింది. అప్పుడు నమ్మింది రాఘవమ్మ. వాన తగిలితే గంజి కొట్టుకుపోయి పోగులు చిక్కు పడతాయి. చుట్టేద్దామంటే తడి మీద అతుక్కుపోతాయి. సాగదీసింది సాగదీసినట్టే కప్పు కిందికి చేరాలి. ఇరవై గజాల కప్పు ఎక్కడుంది? చౌడేశ్వరీ గుడి మంటపంలో సగం కూడా పట్టదు. బడి పాకలో బయటకంటే లోపలే ఎక్కువ కురుస్తుంది.

మస్తాను అప్పటికే పడుగు కొస కర్ర ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. "అంత పొడుగు కప్పు ఊళ్ళో ఒకటే ఉందక్కా," అన్నాడు, పిల్లకాలవ వైపు చూస్తూ.

రాఘవమ్మ అటు చూసింది. లోపల పూజ జరుగుతోంది, పాట వినబడుతోంది. ఆ గడప ఆవిడ ఎన్నడూ తొక్కలేదు, తొక్కాల్సి వస్తుందనీ అనుకోలేదు. అభిమానం అడ్డం వచ్చింది. సుబ్బరత్నం అరచేతులు కళ్ళముందు కదిలాయి. "ఎత్తండి," అంది.

వీధిలో ఉన్న మగవాళ్ళు పదిమంది కర్రలు పట్టుకున్నారు. ఆడవాళ్ళు చాపలు, దుప్పట్లు, ఒకావిడ చేట కూడా పట్టుకుని పైన కప్పుతూ పరుగెత్తారు. బారెడు బారెడుకీ ఒకడు జారుతున్నాడు, పక్కవాడు తిట్టి లేపుతున్నాడు. తలుపు దగ్గరకి చేరేసరికి గుమ్మంలో శౌరమ్మ నిలబడి ఉంది.

ఆవిడ ముందు పడుగుని చూసింది, తర్వాత రాఘవమ్మని చూసింది. "ఏంది రాఘవమ్మగారూ, చుట్టు తిరిగి రావడం మర్చిపోయారా?" అంది.

ఇట్లాంటి మాట పడాల్సి వస్తుందని రాఘవమ్మకి ముందే తెలుసు. తను ఆ స్థానంలో ఉంటే ఇంతకంటే పెద్దది అనేదని కూడా తెలుసు. "అనుకోవే శౌరమ్మా, ఎన్నైనా అనుకో. ముందు నా పడుగు తడవకుండా చూడు," అంది.

లోపల ఇన్నయ్య ఫాదరుగారు ప్రసంగానికి అప్పుడే జనం వైపు తిరిగారు. చిలకలూరిపేట వైపు మనిషి, రైతు బిడ్డ, తొందరగా ఆశ్చర్యపడే రకం కాదు. గుమ్మంలో పదిమంది తడిసిన మనుషులు, వాళ్ళ మధ్య బారుగా పడుగు. ఒక్క క్షణం చూసి, "సొలొమోనూ, రెండో తలుపు కూడా తియ్యి," అన్నారు. పూజలో ఆయనకి సాయం చేసే ఉపదేశి సొలొమోను నోరు తెరిచాడు, ఫాదరుగారి ముఖం చూసి నోరు మూసి తలుపు తెరిచాడు.

ఆ గుళ్ళో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చుంటారు. మధ్యలో తలుపు నుంచి పీఠం దాకా తిన్నని దారి. కొలిచి కట్టించినట్టు పడుగు అందులో పట్టేసింది. ఒక రెండు గజాలు మాత్రం వసారాలో మిగిలింది. అక్కడ కొస కర్ర పట్టుకుని మస్తాను నిలబడ్డాడు, ముందు పక్క పొడిగా, వీపు పక్క వానలో.

"కర్రలు మావాళ్ళే పట్టుకుంటారు," అంది రాఘవమ్మ గుళ్ళో అందరికీ వినపడేట్టు. "పోగుల మీద మాత్రం ఎవరూ చెయ్యి వెయ్యమాకండి."

పనిలో మాటే అది. అలవాటు లేని చెయ్యి పడితే పోగు తెగే మాట నిజమే. కానీ ఆ మాట లోపల ఇంకో మాట ఉందని అక్కడ కూర్చున్న ప్రతివాళ్ళకీ తెలుసు, పుట్టినప్పట్నుంచీ వాళ్ళు వింటున్న మాటే. ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకుని ఇంకాస్త ఎడంగా జరిగారు. ఆ జరగడం చూసి రాఘవమ్మకి ఎందుకో మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. ఎట్లా తీసుకోవాలో తెలియక కుంచె ఎత్తింది.

ఫాదరుగారు ప్రసంగం కోసం ఏం రాసుకొచ్చారో ఎవరికీ తెలియదు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఆదాము అవ్వలకి మొట్టమొదట బట్టలు కుట్టి ఇచ్చింది దేవుడే," అన్నారు. "తోలుతో కుట్టాడు. మన బెజవాడ ఎండల్లో తోలు బట్టలు కష్టమని తర్వాత ఆ పని వీళ్ళకి అప్పగించాడు. కాబట్టి ఆయన పని ఆయన ఇంట్లో జరుగుతోంది, అంతే. మీరు అటు చూడ్డం మానేసి ఇటు చూడండి." ఇంతకంటే చిన్న ప్రసంగం ఆ గుళ్ళో అంతకు ముందు లేదు, తర్వాతా లేదు. జనం చాలా సంతోషించారు.

పూజ సాగింది, కుంచె సాగింది. ఒక పక్క రాఘవమ్మ, ఎదురుగా ఏడుకొండలు. గంజి బొట్లు నేల మీద రాలుతున్నాయి. శనివారమంతా నడుం విరిగేలా కడిగిన నేల అది. శౌరమ్మ చూసి చూసి, గుడ్డ తెచ్చుకుని రాఘవమ్మ వెనకాలే తుడుచుకుంటూ బయల్దేరింది. రాఘవమ్మ అటు పోతే శౌరమ్మా అటే, ఇటు వస్తే శౌరమ్మా ఇటే. పళ్ళ బిగువున ఏదో గొణుగుతోంది. అది ప్రార్థన కాదని దగ్గరున్నవాళ్ళకి తెలుస్తూనే ఉంది. చంటిపిల్లలు ఏడుపు మాని ఈ ఊరేగింపు చూస్తున్నారు.

రాఘవమ్మ ఇబ్బంది రాఘవమ్మది. కుంచె పీఠం దాకా వెళ్ళిన ప్రతిసారీ వెనక్కి తిరగాలి. దేవుడికి వీపు చూపించొచ్చా? తెలియదు. అందుకని వెళ్ళిన ప్రతిసారీ కుంచెతో పాటే చేతులు ముందుకు చాపి ఒక దణ్ణం పెట్టి అప్పుడు తిరిగేది. ఎనిమిదోసారికి సొలొమోను కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఫాదరుగారు గోడవైపు తిరిగి లాటిన్‌లో చదువుతున్న మంత్రాలు ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. తమ పురోహితుడు చదివేవీ ఒక్క ముక్క అర్థం కావు కాబట్టి కొత్తగా ఏమీ అనిపించలేదు. పైపెచ్చు ఈయన గొంతు బాగుంది కూడాను.

బయట వాన పెరిగింది. లోపల పడుగు మెల్లిగా ఆరడం మొదలెట్టింది. రాఘవమ్మ వేలితో తాకి చూసింది. తడి కాదు, పొడి కాదు. ఆ అరగంట వచ్చేసింది. "ఏడుకొండలూ, ఆపమాకు," అని కళ్ళతోనే చెప్పింది. ఇద్దరూ అడుగు వేగం పెంచారు. కుంచె సర్రు సర్రుమంటోంది.

సరిగ్గా అప్పుడు సొలొమోను గంట కొట్టాడు.

గుళ్ళో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా మోకాళ్ళ మీదికి దిగారు. పాట ఆగింది, దగ్గులు ఆగాయి. ముసలివాళ్ళు కూడా చేతులు నేలకానించి దిగారు. వసారాలో మస్తాను తల వంచాడు. శౌరమ్మ చేతిలో తుడిచే గుడ్డతోనే ఉన్నచోట మోకరిల్లింది. ఫాదరుగారి గొంతు గుసగుస అయిపోయింది. మొత్తం గుళ్ళో వినపడే చప్పుడు ఒక్కటే, రాఘవమ్మ కుంచె.

అదేమిటో ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అది హారతి వేళ. ఏ గుళ్ళో అయినా అంతే. హారతి వేళ రాఘవమ్మ ఇంట్లో పాలు పొంగిపోయినా లేవదు. ఎదురుగా కొడుకు ముఖం చూసింది. 'వద్దమ్మా, ఆగొద్దు' అంటోంది ఆ ముఖం. తలుపు దగ్గర కోడలు బొబ్బల చేతులు జోడించి నిలబడి ఉంది. ఎవరికి దణ్ణం పెడుతోందో, ఇక్కడి దేవుడికో, అత్తగారికో. రెండున్నర నెలలు ఎదురుచూసిన నూలు. ఇంకో అరగంట దువ్వితే చాలు. ఎవరూ ఏమీ అనరు, అనేవాళ్ళయితే తలుపే తీసేవాళ్ళు కాదు. తీసిన తలుపు గుర్తొచ్చే ఆవిడకి మరీ కష్టమైంది. ఇంటికి రానిచ్చినవాళ్ళు దేవుడి ముందు మోకాళ్ళ మీద ఉంటే తను చప్పుడు చేస్తూ నిలబడటమా?

రాఘవమ్మ కుంచె దించి నేల మీద పెట్టింది. కొడుకు కూడా ఆగిపోయాడు. ఆవిడ వాన కబురు చెప్పని ఆ దిక్కుమాలిన మోకాలిని కూడదీసుకుని కిందికి దిగి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుంది. పోతే పోయింది అనుకుంది. అనుకుందే గాని దుఃఖం ఆగలేదు. పోగులు బిగుసుకోవడం చెవులకి వినబడుతున్నట్టే ఉంది.

కళ్ళు తెరిచేసరికి పడుగు మీద ఒక చెయ్యి ఉంది.

నల్లటి చెయ్యి, ఊడ్పుల్లో, కోతల్లో బండబారిన వేళ్ళు. శౌరమ్మ కళ్ళు పీఠం మీదే ఉన్నాయి, పెదాలు ప్రార్థన పలుకుతూనే ఉన్నాయి. చెయ్యి మాత్రం పోగుల్లోకి దూరి, మనవరాలి తల చిక్కు తీసినట్టు మెత్తగా, చప్పుడు లేకుండా, పోగు నుంచి పోగుని విడదీస్తోంది. పక్కనే మోకరిల్లిన అమలమ్మ చూసింది. ఆమె చెయ్యీ వచ్చింది. దాని పక్కన ఇంకోటి. ఎదురుగా మగవాళ్ళ వైపు నుంచి నాగలి పట్టే చేతులు వచ్చాయి, భయంభయంగా, వేళ్ళ కొసలతో. కొన్ని క్షణాల్లో తలుపు నుంచి పీఠం దాకా ఇరవై గజాల పొడుగునా చేతులే. అందరూ మోకాళ్ళ మీదే ఉన్నారు. ఒక్కరి తలా పడుగు వైపు తిరగలేదు. ఫాదరుగారు ప్రసాదంగా పంచే అప్పాన్ని రెండు చేతులా పైకెత్తారు. అందరి కళ్ళూ దాంతో పాటు పైకి లేచాయి, వేళ్ళు మాత్రం కింద కదులుతూనే ఉన్నాయి.

రాఘవమ్మ కళ్ళు తుడుచుకోలేదు. చేతులు జోడించి ఉన్నాయి గదా మరి.

రెండోసారి గంట మోగింది. జనం మెల్లిగా లేచి సర్దుకున్నారు. ఎక్కడో ఒక చంటిబిడ్డ ఆపుకున్న ఏడుపంతా ఒక్కసారిగా అందుకుంది. శౌరమ్మ చెయ్యి వెనక్కి తీసుకోబోతూ, ముఖం తిప్పకుండానే, "ఇంక ఎత్తండి మీ కుంచె. మా దేవుడికి చప్పుడు అలవాటేలే," అంది.

రాఘవమ్మ కుంచె అందుకుని లేచి, వేలితో పోగులు తాకి చూసింది. ఒక్కటి కూడా అతుక్కోలేదు.

"చెయ్యి తియ్యమాకు వదినా," అంది. "ఆ చివర ఇంకా ఆరలేదు."